ఎసట్లో పోయకముందు

మన పల్లెల్లో క్రైస్తవ స్త్రీలు అన్నానికి బియ్యం కొలుచుకునేటప్పుడు ఒక పని చేసేవారు. కొన్ని ఇళ్లలో ఇప్పటికీ చేస్తున్నారు. ఇంట్లో ఎందరుంటే అందరికీ సరిపడా చేటలో పోసుకుంటారు. మట్టిబెడ్డలు, వడ్లగింజలు ఏరతారు. పొయ్యి మీద ఎసరు కాగుతూ ఉంటుంది. బియ్యం కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి, గోడవారనున్న చిన్న కుండలో వేస్తారు. ఆ పిడికెడు దేవునిది. పూటపూటకీ అలా పోగైన బియ్యాన్ని ఆదివారం కొంగున మూటగట్టుకునో, గిన్నెలో పోసి గుడ్డ కప్పుకునో గుడికి తెచ్చి బల్ల దగ్గర కుమ్మరిస్తారు. పల్లె సంఘాల్లో ఉపదేశి ఇంట పొయ్యి వెలిగింది చాలామటుకు ఈ పిడికిళ్లతోనే.

ఇందులో గమనించాల్సింది ఆ పిడికెడు తీసే సమయం. అన్నం వండి, అందరూ తిన్నాక అడుగున మిగిలితే ఇచ్చేది కాదది. ఇంకా ఎవరూ తినలేదు. ఈ పూటకు చాలుతుందో లేదో తెలియదు. అయినా ముందు ఆ గుప్పెడు పక్కకు వెళుతుంది. రోజూ ఆ పని చేసే చేతికి, నోటితో చెప్పక్కర్లేకుండానే ఒక సంగతి తెలిసిపోతుంది: ఈ బియ్యం నా కష్టంతో వచ్చినా, ఇచ్చినవాడు వేరే ఉన్నాడు.

ఈ అలవాటును ఆదరించి పెంచినవారిలో దోర్నకల్ బిషప్ అజరయ్య ఒకరు. ఆయన తమిళుడు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై అనే పల్లెలో పుట్టారు. వైఎంసీఏలో బాధ్యతను వదులుకుని 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి వచ్చిన తొలి భారతీయుడు ఆయనే. చివరిదాకా తెలుగువాళ్ల మధ్యే ఉండి, 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆయన అధ్యక్ష ఖండంలో విశ్వాసుల్లో అత్యధికులు మాలమాదిగ పల్లెల కూలీలు. రోజంతా పొలంలో వంగి పనిచేస్తే సాయంత్రానికి గింజలు కొలిపించుకునేవాళ్లు. అలాంటివాళ్ల దగ్గర కానుక ఆశించడమేమిటని మనకు అనిపిస్తుంది. అజరయ్య మరోలా ఆలోచించారు. ఎప్పుడూ చేయి చాచి పుచ్చుకోవడమే తెలిసిన సంఘం తన కాళ్ల మీద నిలబడదనీ, పేదవాడి కానుకను వద్దనడమంటే అతని గౌరవాన్ని కాదనడమేననీ ఆయన నమ్మకం. కానుకల గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు. ఊరికి దూరంగా పెట్టిన వాడలో, ఎవరికీ ఏమీ ఇవ్వగలిగే తాహతు లేదని తరాలుగా వింటూ పెరిగిన స్త్రీ, దేవునికి ఇవ్వడానికి నా ఇంట్లో కూడా ఒక పిడికెడు ఉందని తలెత్తి నడిచి వచ్చిందంటే అది చిన్న సంగతేమీ కాదు.

రాజుల మొదటి గ్రంథం పదిహేడో అధ్యాయంలో సారెపతు విధవరాలి కథ ఉంది. దేశమంతా కరువు. ఆమె తొట్టిలో ఉన్నది పట్టెడు పిండి, బుడ్డిలో కాస్త నూనె. రెండు పుల్లలు ఏరుకొచ్చి, ఉన్న పిండితో రొట్టె చేసుకుని, కొడుకూ తనూ తిని చనిపోదామనుకుంటోంది. అప్పుడు వచ్చిన ఏలీయా ఆమెను ఓదార్చి ఊరుకోలేదు. ముందు నాకొక చిన్న రొట్టె చేసి తీసుకురా, ఆ తర్వాత మీ ఇద్దరికీ చేసుకో అన్నాడు. చదివిన ప్రతిసారీ ఈ మాట దగ్గర మనసు కాస్త తడబడుతుంది. ప్రవక్త ఇంత కటువుగా అడగవచ్చా? ఆ స్త్రీ మాత్రం వెళ్లి, అడిగినట్టే చేసింది. తొట్టి నిండిపోయిందని ఆ కథలో లేదు. పిండి అయిపోలేదని మాత్రమే ఉంది. రేపటి పిండి ఇవాళ కనబడదు. రేపు తొట్టిలో చేయి పెడితేనే తెలుస్తుంది. దేవునితో నడక చాలామందికి ఇలాగే సాగుతుంది. సంవత్సరానికి సరిపడా ధైర్యం ఎవరి చేతికీ ఒక్కసారే రాదు.

ఈ శ్రమకాలపు దినాల్లో, దేవునికి దగ్గరవ్వాలని మనసారా కోరుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. మాంసాహారం మానినవారు, ఒంటిపూట ఉపవాసం ఉంటున్నవారు, ప్రతి శుక్రవారం సిలువ ధ్యానాలకు వెళ్లివస్తున్నవారు. ఈ ఆచరణల్లో ఏదీ వృథా కాదు. అయితే దేవునికి మనం ఇస్తున్నది ముందు తీసిన పిడికెడా, అడుగున మిగిలిన మాడుచెక్కా అన్న ప్రశ్న బియ్యంతో ఆగదు. రోజులో మన మొదటి పది నిమిషాలు ఎవరివి? ఇప్పుడు చాలా ఇళ్లలో కళ్లు తెరవగానే చేయి ఫోను మీదకు పోతోంది. రాత్రి పడుకోబోయే ముందు, కళ్లు మూతలు పడుతుండగా, మంచం మీదే ఓ రెండు ముక్కలు ప్రార్థన. దేవుడు ఆ రెండు ముక్కల్నీ వింటాడు, అందులో సందేహం లేదు. కానీ మనం ప్రాణంగా చూసుకునే మనిషికి ఎవరమైనా రోజూ అలాంటి తీరికే ఇస్తామా?

ఆ ఫోనులోనే తెల్లవారేసరికి ఒక వచనం వచ్చి ఉంటుంది. వెనకాల సూర్యోదయమో, గులాబీ పువ్వో, పైన పెద్ద అక్షరాల్లో ఈ దినపు వాగ్దానం. దాన్ని పదిమందికి పంపి, స్టేటస్‌గా పెట్టుకుంటాం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్లెంలోంచి తీసుకున్న వాగ్దానపు కార్డు ఏడాదంతా బైబిల్లోనో, బీరువా అద్దానికో ఉంటుంది. ఆ కార్డును కళ్లకద్దుకున్న తల్లులను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆపదలో ఒక్క వచనం మనిషిని నిలబెట్టిన సందర్భాలు ప్రతి సంఘంలోనూ ఉన్నాయి. బాధ ఎక్కడంటే, ఆ కార్డుల మీదకు దేవుని వాక్యంలో కొన్ని మాటలే ఎక్కుతాయి. దీవిస్తాను, హెచ్చిస్తాను, తలగా ఉంచుతాను అన్నవి ఎక్కుతాయి. నీ శత్రువును ప్రేమించు అన్నది ఏ కార్డు మీదా రాదు. కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దన్న లేవీయకాండం ఆజ్ఞ కూడా రాదు.

ఉదాహరణకు యిర్మీయా ఇరవై తొమ్మిదో అధ్యాయం పదకొండో వచనం చూడండి. మన పట్ల దేవుని ఉద్దేశాలు మేలుకేగాని కీడుకు కావని చెప్పే ఆ మాట వేలాది ఇళ్ల గోడల మీద ఉంది. అది ఒక ఉత్తరంలోని వాక్యం. యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకు యిర్మీయా ఆ ఉత్తరం రాశాడు. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త కనిపిస్తాడు. రెండేళ్లలో అంతా చక్కబడుతుందని, చెరపోయినవాళ్లంతా తిరిగొస్తారని అతడు దేవాలయంలో జనం ముందు ప్రకటించాడు. వినేవాళ్లకు ఎంత హాయిగా ఉండి ఉంటుందో! యిర్మీయా ఉత్తరంలో ఉన్నది రెండేళ్లు కాదు, డెబ్భై ఏళ్లు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని చెప్పాడు. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామందికి తమ కళ్లతో మళ్లీ యెరూషలేమును చూసే యోగం లేదు. అలాంటివాళ్లకు చెప్పిన మాట అది. అధ్యాయమంతా చదివితే ఆ వాగ్దానం విలువ తగ్గదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. మన రోజులు బాగున్నప్పుడే కాదు, కోరుకున్నది ఈ జన్మలో కళ్లబడకపోయినా దేవుని ఉద్దేశం మంచిదేనని అప్పుడు అర్థమవుతుంది. గోడ మీది వచనం ఉన్న అధ్యాయాన్నయినా ఈ వారం మొత్తంగా చదువుకుంటే బాగుంటుంది. మార్కు సువార్తలో ఉన్నవి పదహారే అధ్యాయాలు. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు, మొదటి నుంచి చివరిదాకా ఒకేసారి చదవడానికి. ముక్కలు ముక్కలుగా ఏళ్ల తరబడి విన్న యేసు, ఆ ఒక్క మధ్యాహ్నంలో గలిలయ నుంచి సిలువదాకా మన ముందు నడుస్తాడు.

ఇక ప్రార్థన. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, రహస్యమందున్న తండ్రికి ప్రార్థన చేయమన్నాడు యేసు. ఆయన మాటలు విన్నవాళ్లలో చాలామందివి ఒంటిగది ఇళ్లు. మనుషులూ, మేకలూ ఒకే కప్పు కింద పడుకునే కాపురాలు. తలుపున్న గది వేరే ఉంటే గింజలూ నూనే దాచుకునే కొట్టుగది అయివుంటుంది. అందువల్ల ఇది ప్రత్యేకంగా ప్రార్థన గది కట్టుకోగలిగినవాళ్ల కోసం చెప్పిన మాట అనుకోనక్కర్లేదు. ఎవరూ చూడని చోటు ఒకటి వెతుక్కోమన్నాడు, అంతే.

ఆ చోటు దొరకడం ఎంత కష్టమో కువైట్లో ఇంటిపనికి వెళ్లిన మన ఆడవాళ్లకు తెలుసు. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఖద్దామా (ఇంటిపని) వీసా మీద వెళ్లినవాళ్లలో క్రైస్తవ విశ్వాసులు ఎందరో ఉన్నారు. అక్కడ వారపు సెలవు శుక్రవారం కాబట్టి తెలుగు సంఘాల పెద్ద ఆరాధన శుక్రవారమే జరుగుతుంది. కానీ ఇళ్లలో పనిచేసే స్త్రీలందరికీ బయటికి వెళ్లే సెలవు దొరకదు. బాబా, మామా అని పిలిచే ఆ ఇంటి యజమానులు పడుకున్నాక, గిన్నెలు కడిగి, పిల్లల బట్టలు మడిచిపెట్టి, అప్పుడు వంటగదిలో ఒక మూలో, మేడ మీద బట్టలారేసే చోటో దొరికితే అదే వాళ్ల ప్రార్థన గది. అక్కడ రాత్రి పదకొండయితే ఇక్కడ ఒంటిగంటన్నర. ఆ వేళలో ఫోనులో ఊళ్లో ఉన్న తల్లితోనో, పాస్టరమ్మగారితోనో కలిసి, గొంతు పైకి రానివ్వకుండా చేసే ప్రార్థనలు ఉన్నాయి. పిల్లల చదువు, ఇంటి అప్పు, భర్త తాగుడు, తన నడుంనొప్పి, ఆఖరున తనను పనిలో పెట్టుకున్న ఆ ఇంటివాళ్ల క్షేమం. మైకు లేదు, వాయిద్యాలు లేవు, ఆమెన్ అనేందుకు పక్కన మనిషి లేడు. చేస్తున్నది కొత్త దేశంలో కూలిపనే అయినా, తనను చెరపట్టిన పట్టణం కోసం ప్రార్థించమన్న యిర్మీయా మాటను అక్షరాలా నెరవేరుస్తున్నది ఆమే. అలాంటి ప్రార్థన ముందు మన తీరికలేనితనం గురించి మాట్లాడటం కష్టం.

కొద్దిమంది ఎవరికీ కనబడకుండా చేసిన ప్రార్థన తెలుగుదేశపు క్రైస్తవ చరిత్రలో మరోటి ఉంది. 1836లో అమెరికా బాప్టిస్టులు తెలుగువారి మధ్య పని మొదలుపెట్టారు. 1840లో నెల్లూరు చేరారు. ఏళ్లు గడిచినా సంఘంలో చేరింది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమంది. డబ్బు ఖర్చవుతోంది, ఫలితం లేదు, మూసేద్దామా అని 1853లో అమెరికాలో పెద్దల సభలో చర్చ జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలులో ఐదుగురు ఊరి పక్క కొండెక్కారు. మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, వారితో ముగ్గురు తెలుగు విశ్వాసులు. అక్కడ మోకరించి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి అడిగారు. ఆ ఏడాది ఎవరూ రాలేదు. మరుసటి ఏడాదీ రాలేదు. వారు అడిగిన సేవకుడు, మిషనరీ జాన్ క్లౌ, ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో. పన్నెండేళ్లు! ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. నలభై రోజుల ఉపవాసం ముగిసేసరికి జవాబు రాకపోతే నిరాశపడే మనం ఆ పన్నెండేళ్లలో ఆ ఐదుగురు ఎన్ని ఉదయాలు నిద్రలేచి అదే మాట అడిగి ఉంటారో ఆలోచించాలి.

క్లౌ గురించి చెప్పుకోవాల్సింది ఇంకా ఉంది. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని పీడించిన ధాత కరువును మన తాతముత్తాతలు కథలుగా చెప్పుకున్నారు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకాన్ని ప్రభుత్వం కరువు పనిగా చేపట్టినప్పుడు, సర్వే పని తెలిసిన క్లౌ మూడున్నర మైళ్ల ముక్కకు కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకు పని, కూలి దొరికాయి. ఆయన బోధకులు తవ్వేవాళ్ల మధ్యే తిరుగుతూ, సాయంత్రం అలసి కూర్చున్నవాళ్లకు యేసు కథ చెప్పేవారు. బాప్తిస్మం కావాలని జనం గుంపులు గుంపులుగా అడిగారు. క్లౌ ఇవ్వలేదు. గంజి కోసం, కూలి కోసం వస్తున్నారేమోనని పదిహేను నెలలపాటు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపాడు. కరువు తగ్గుముఖం పట్టి, పంచడానికి ఇక డబ్బులేదని తెలిశాక కూడా వాళ్లు వెనక్కి పోలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి బాప్తిస్మమిచ్చింది తెలుగు బోధకులే. అన్నం కోసం మతం మారారని ఆనాడూ అన్నారు, ఈనాడూ అనేవాళ్లున్నారు. అన్నం దొరుకుతున్నన్నాళ్లూ వాళ్లను ఆపి ఉంచారన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

ఆ పదిహేను నెలల ఎదురుచూపు ఇవాళ్టి మన సంఘాలను కూడా ఒక ప్రశ్న అడుగుతోంది. మనం ఎందుకు వస్తున్నాం? వీసా వచ్చిందని, స్థలం రిజిస్ట్రేషన్ అయిందని, కొడుక్కి ఉద్యోగమొచ్చిందని సాక్ష్యాలు చెప్పుకుంటాం. కృతజ్ఞత చెప్పడం మంచిదే. జబ్బుతో, అప్పుతో, అవమానంతో వచ్చినవాళ్లను యేసు ఎన్నడూ వెనక్కి పంపలేదు. పదిమంది కుష్ఠరోగులు బాగుపడి, ఒక్కడే తిరిగొచ్చి కాళ్ల మీద పడినప్పుడు, తక్కిన తొమ్మిదిమంది ఎక్కడని బాధతో అడిగాడేగాని వాళ్ల స్వస్థతను వెనక్కి తీసుకోలేదు. మనం అవసరంతోనే ఆయన దగ్గరికి రావడం మొదలుపెడతాం. అందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ అక్కడే ఆగిపోతే? యోహాను సువార్త ఆరో అధ్యాయంలో ఐదు రొట్టెలతో కడుపు నిండినవాళ్లు మర్నాడు పడవలెక్కి మరీ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. రొట్టెల కోసం వచ్చారని ఆయన ముఖం మీదే చెప్పాడు. ఆయన మాట కఠినమనిపించి, ఆ రోజు శిష్యుల్లోనే అనేకులు వెళ్లిపోయారు. వెళ్లిపోతుంటే ఆయన మరో అద్భుతం చేసి ఆపే ప్రయత్నం చేయలేదు. దీవెనలనే ఎరగా చూపి సంఘాన్ని నింపుకోవచ్చుననుకునే బోధకులు ఆ అధ్యాయాన్ని మోకాళ్ల మీద చదవాలి.

ఎంత యథార్థంగా వెతికినా, దేవుడు దగ్గరున్నట్టు అనిపించని కాలం కూడా వస్తుంది. ప్రార్థించబోతే నోరెండిపోతుంది, పాట పెదవుల మీదే ఆగిపోతుంది. ఇలాంటి రోజులు తమ విశ్వాసం కొరతకు గుర్తని బెంగపడేవాళ్లకు కీర్తనల గ్రంథం పెద్ద ఊరట. నూట యాభై కీర్తనల్లో మొరలూ, ఫిర్యాదులూ ఎన్నో. ఎనభై ఎనిమిదో కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది, ఆఖరున వెలుగు రేఖ కూడా లేదు. దాన్ని కూడా దేవుని ప్రజలు తమ ప్రార్థన పుస్తకంలో ఉంచుకున్నారు. 2007లో మదర్ థెరిసా ఉత్తరాలు అచ్చయ్యాక, దాదాపు యాభై ఏళ్లు ఆమె లోపల ఎంత చీకటి మోసిందో లోకానికి తెలిసింది. ఆ ఏళ్లన్నీ ఆమె తెల్లవారుజామున లేచి ప్రార్థనలో కూర్చుంది, ఆ తర్వాత కలకత్తా వీధుల్లో చనిపోతున్నవాళ్లను ఎత్తుకుంది. అనుభూతి లేని రోజున చేసిన ప్రార్థనే దేవునికి మనం అచ్చంగా ఇవ్వగలిగినదేమో. ఆ రోజు మనకు తిరిగి వచ్చేదేమీ లేదు మరి.

దేవునితో సాన్నిహిత్యం గురించి ఇంత మాట్లాడుకుని, పక్కింటి మనిషి గురించి మాట్లాడకపోతే సగమే చెప్పినట్టు. 1866లో ఒంగోలులో క్లౌ దగ్గరికి పై కులాలవారు కొందరు ఆసక్తితో వస్తున్న రోజులవి. అదే సమయంలో తాళ్లకొండపాడు మాదిగవాడ నుంచి, తోళ్ల వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య విశ్వాసంలోకి వచ్చాడు. అతని వెనక అతని వాళ్లూ రాసాగారు. వీళ్లను చేర్చుకుంటే మేం రామని పై కులాలవారు చెప్పేశారు. ఏం చేయాలో తోచక క్లౌ, ఆయన భార్య వేరువేరు గదుల్లో ప్రార్థించి, చెరో బైబిలు తెరిచారు. ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు తగిలింది: లోకం ఎన్నికలేనివారిగా చూసినవారినే దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు చెప్పిన మాట. ఆ సంగతి క్లౌ తన ఆత్మకథలో రాసుకున్నాడు. పేరయ్య మనుషులను వాళ్లు కాదనలేదు. తెలుగునాట బాప్టిస్టు సంఘం అలా పెరిగింది.

అలా మొదలైన సంఘాలు నూట అరవై ఏళ్ల తర్వాత ఎలా ఉన్నాయి? ఒకే ఊళ్లో రెండు వాడలకు రెండు గుళ్లున్న చోట్లున్నాయి. ఒకే గుడిలో కూర్చున్నా పెళ్లిసంబంధం దగ్గర కులం చూసుకునే కుటుంబాలున్నాయి. సంఘ ఎన్నికలప్పుడు ఏ వర్గానికెన్ని ఓట్లని లెక్కలు నడుస్తాయి. గుడి ఆస్తుల కేసులు కోర్టుల్లో ఏళ్ల తరబడి సాగుతాయి. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సభలో నిలబడి, ముప్ఫై ఐదేళ్ల అజరయ్య తెల్లవాళ్లను అడిగింది ఇలాంటి దూరం తొలగాలనే. మీ త్యాగాలు గొప్పవే, మాకోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, కానీ మాకు స్నేహం కూడా కావాలన్నారు. మాతో సమానంగా కూర్చుని భోంచేసే స్నేహం. సభలో కొందరికి ఆ మాట గుచ్చుకుంది. దొరలు వెళ్లిపోయి చాలాకాలమైంది. ఆ విన్నపం ఇప్పుడు మన మధ్య మనకే మిగిలింది.

ప్రభు బల్ల దగ్గర ఒకే రొట్టె తింటాం, ఒకే పాత్రలోది తాగుతాం. ఆ బల్ల దగ్గరికి వచ్చే ముందు చేయాల్సిన పని మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో ఉంది. బలిపీఠం ముందు కానుకతో నిలబడ్డప్పుడు, నీ మీద నీ సహోదరునికి ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి వెళ్లి, ముందు అతనితో సమాధానపడమని చెప్పాడు యేసు. నీకు అతని మీద కోపం ఉంటే అని చెప్పలేదు. అతనికి నీ మీద ఉంటే అన్నాడు. తప్పెవరిది అన్న తీర్పు వచ్చేదాకా ఆగమని చెప్పలేదు. ఈ మాటలు విన్నవాళ్లు గలిలయవాళ్లు. వాళ్ల కానుకలు ఎక్కేది యెరూషలేము బలిపీఠం. దాని దగ్గర నిలబడ్డ మనిషి సహోదరుణ్ణి కలవాలంటే కానుక వదిలిపెట్టి మూడు నాలుగు రోజులు నడిచి ఊరికి పోయి, మళ్లీ అంత దూరమూ రావాలి. అంత ఖర్చు పెట్టినా ఆ పనే ముందు అన్నాడు ఆయన.

మనకు అంత దూరం లేదు. గట్టు తగాదాతో మాటలు మానేసిన అన్న పక్క పొలంలోనే ఉన్నాడు. కట్నం దగ్గర తేడాలొచ్చి గడప తొక్కని ఆడపడుచు పక్క మండలంలో ఉంది. సంఘ కమిటీలో మాటామాటా అనుకున్న పెద్దాయన, ప్రతి ఆదివారం మూడు వరుసల అవతల కూర్చుంటున్నాడు. వెళ్తే వాళ్లు తలుపు తీయకపోవచ్చు, తీసినా సరిగా మాట్లాడకపోవచ్చు. అది వాళ్లకూ దేవునికీ మధ్య సంగతి. వెళ్లే పని మనది. ఈ ఏడు గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడుదాకా ఏడు మాటల ధ్యానంలో కూర్చుంటాం. వాటిలో మొదటిది, తనను మేకులు కొట్టినవాళ్లను క్షమించమని ఆయన తండ్రిని అడిగిన మాట. ఆ మాట వినడానికి వెళ్లేలోపు, ఆ ఒక్క ఇంటికి వెళ్లి రావడానికి ఇంకా రోజులున్నాయి.